ఇంటి సాయం నగదుగా ఇచ్చే ముందు: పునరావాస శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

భూకంపం, తుపాను, వరద, యుద్ధం.. దేని వల్ల ఇల్లు పోయినా, బాధితుల చేతికే డబ్బిచ్చి వాళ్ల ఇల్లు వాళ్లనే కట్టుకోనివ్వడం మేలు. 2001లో గుజరాత్, 2005లో పాకిస్తాన్, 2015లో నేపాల్ భూకంపాల తర్వాత పునర్నిర్మాణం ఎక్కువగా ఈ దారిలోనే సాగింది. ఊరికి దూరంగా కాంట్రాక్టరు వరసగా కట్టి వెళ్లిన కాలనీల్లో ఎవరూ కాపురం పెట్టకపోవడం మీ శాఖకు తెలియంది కాదు. అయితే ఖాతాలో డబ్బు వేసినంత మాత్రాన ఇల్లు లేవదు. ఎంత, ఎప్పుడు, ఎవరి పేరున అన్నవి సరిగ్గా కుదరకపోతే మొండిగోడలే మిగులుతాయి.

ముందుగా ఇంటి డబ్బును తిండి డబ్బు నుంచి విడదీయండి. సంపాదన ఆగిపోయిన కుటుంబానికి ఇల్లు కట్టుకొమ్మని మొదటి విడత ఇస్తే అది బియ్యానికి, మందులకు, పాత అప్పుకు పోతుంది. దాన్ని దుర్వినియోగమని రాసే అధికారి ఆ ఇంటి పొయ్యి వైపు చూడలేదని అర్థం. పని మళ్లీ దొరికే దాకా నెలవారీ సాయం వేరుగా, వేరే పేరుతో ఇవ్వండి.

మొత్తం ఎంతన్నది బడ్జెట్‌ను కుటుంబాల సంఖ్యతో భాగించి తేల్చేది కాదు. విపత్తు సాయానికి అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల్లోని తలకు 3.5 చదరపు మీటర్లన్నది అత్యవసర ఆశ్రయానికి కనీస హద్దు మాత్రమే. దాని మీద శాశ్వత ఇంటి లెక్క వేయకండి. వంటకు, మరుగుదొడ్డికి చోటున్న చిన్న ఇంటికి సిమెంటు, ఇనుము, ఇసుక, ఇటుక లేదా రాయి, కలప, రేకులు, మేస్త్రి కూలి విడివిడిగా లెక్క కట్టి చూడండి. రవాణాకు ప్రత్యేక పద్దు పెట్టండి. రోడ్డు ఆగిపోయాక సామాను మనుషులే మోసే చోట, పట్నం రేటుతో ఇచ్చిన సాయం పునాదిలోనే కరిగిపోతుంది. అందరికీ ఒకే వారంలో డబ్బు విడుదలైతే సిమెంటు ధర, మేస్త్రి కూలి రెండూ ఎగబాకుతాయి. కాబట్టి ప్రాంతాల వారీగా విడుదల చేయండి, ధరలను నెలనెలా చూసి మొత్తాన్ని సవరించే అధికారం ఉత్తర్వులోనే ఇవ్వండి. బజారులో రేకులే లేకపోతే డబ్బిచ్చి లాభం లేదు. రేకులు మీరే తెప్పించి, మిగతాదానికి నగదు ఇవ్వండి.

ఇక విడతలు. మేము ఎక్కువ గొడవలు చూసేది ఇక్కడే. నేపాల్‌లో 3 లక్షల నేపాలీ రూపాయలను మూడు విడతలుగా పంచారు: ఒప్పందం కాగానే 50 వేలు, పునాది అయ్యాక లక్షన్నర, ఆ తర్వాతి దశకు లక్ష. పనిని బట్టి డబ్బు రావాలన్న సూత్రం మంచిదే. కానీ మొదటి విడత మరీ చిన్నదైతే పునాదికే అప్పు చేయాల్సి వస్తుంది. కప్పు వేశాకే చివరి విడత అంటే కప్పు ఖర్చంతా వడ్డీ వ్యాపారి దగ్గర తేవాల్సిందే. అందుకే మూడో విడతను లింటెల్ బ్యాండ్ (తలుపులు, కిటికీల పైన గోడల చుట్టూ కడ్డీలతో పోసే కాంక్రీటు పట్టీ) పోయగానే ఇవ్వండి; తలుపులకు, మరుగుదొడ్డికి కొద్ది మొత్తం ఆపుకుంటే చాలు. విడత తేదీలను వానాకాలంతో సరిచూడండి. తెరిచిన పునాది గుంతలో నీళ్లు నిలిస్తే చేసిన పని మళ్లీ చేయాలి.

తనిఖీకి సరైన సమయం కాంక్రీటు పోయకముందే. పోశాక లోపల ఏముందో కంటితో చూసి ఏ ఇంజనీరూ చెప్పలేడు. చూడాల్సినవి కొన్నే: బ్యాండ్ కడ్డీలు మూల దగ్గర తెగిపోకుండా రెండో గోడలోకి వంగి వెళ్లాయా, రెండు కడ్డీలను పక్కపక్కన కలిపే అతుకు పొడవు కడ్డీ మందానికి కనీసం 50 రెట్లు ఉందా (12 మిల్లీమీటర్ల కడ్డీకి 600 మిల్లీమీటర్లు), కడ్డీల చుట్టూ కట్టే రింగుల కొనలు 135 డిగ్రీలకు లోపలికి మడిచారా. రాతి గోడైతే రెండు ముఖాలనూ కలిపే కట్టురాయి నిలువుగా ప్రతి 60 సెంటీమీటర్లకు, అడ్డంగా 1.2 మీటర్లకు ఒకటి ఉండాలి. అది లేని గోడ భూమి ఊగగానే రెండు పొరలుగా విడిపోతుంది. పొద్దున కలిపిన సిమెంటు మాలు సాయంత్రం దాకా వాడటం, రెండు రోజులకే నీళ్లు పట్టడం మానేయడం ఎక్కడికెళ్లినా కనిపించే తప్పులే. కబురు పెట్టిన ఏడు రోజుల్లో ఇంజనీరు రాలేకపోతే, శిక్షణ పొందిన మేస్త్రి ఫొటోలతో ధ్రువీకరించి విడత విడిపించే ఏర్పాటు ఉండాలి. ఒకే రకం ఇంటి నమూనాకు కూడా అందరినీ కట్టేయకండి. పాకిస్తాన్‌లో కొయ్య చట్రంలో రాళ్లు పేర్చే ధజ్జీ కట్టడాన్ని మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఆమోదించాక కొండ గ్రామాల వాళ్లకు తెలిసిన పనితోనే గట్టి ఇల్లు కట్టుకునే వీలు కలిగింది.

స్థలం లేనివారికి, అద్దెకున్నవారికి ఈ విడతలు పనికిరావు. 2010 భూకంపం తర్వాత హైతీలో శిబిరాల్లోని కుటుంబాలకు ఏడాది అద్దెకు 500 డాలర్లు ఇచ్చారు. బేరమాడి తగ్గించుకుంటే మిగులు వాళ్లదే. లెబనాన్‌లో సగంలో ఆగిన ఇళ్లను పూర్తి చేసుకోవడానికి యజమానులకు డబ్బిచ్చి, బదులుగా సిరియా శరణార్థి కుటుంబాలను అద్దె లేకుండా ఉండనిచ్చారు. మాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చుతుంది. ఉన్న గదులకే అందరూ పోటీపడితే అద్దె పెరుగుతుంది. లెబనాన్ పద్ధతి కొత్త గదులను తెస్తుంది. రెండింటికీ రాతపూర్వక ఒప్పందం, గడువు ముగిశాక ఎటు వెళ్లాలన్న ఆలోచన మొదటి నెల నుంచే కావాలి.

యుద్ధం జరిగిన చోట మరో రెండు జాగ్రత్తలు. పేలని బాంబులు తొలగించినట్టు ధ్రువీకరణ లేకుండా శిథిలాలు తీసే డబ్బు ఇస్తే జనం సొంత చేతులతో తవ్వడం మొదలుపెడతారు. పారిపోయినవారి ఇంట్లో వేరొకరు ఉంటే, మరమ్మతు డబ్బు ఇప్పుడు అందులో ఉంటున్నవారికి ఇవ్వడం ఆక్రమణకు ముద్ర వేసినట్టే; ముందు యజమాని ఎవరో తేల్చండి. పత్రాలు కాలిపోయినవారికి ఇరుగుపొరుగు సాక్ష్యం, పన్ను రసీదు చాలనండి. ఖాతా, మంజూరు పత్రం భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండాలి.

తనిఖీలో తప్పిన ఇంటి విషయం కూడా ఉత్తర్వులో రాయండి. 'ఫెయిల్' అని రాసి విడత ఆపేస్తే ఆ కుటుంబం అదే బలహీనమైన గోడల మధ్య ఉండిపోతుంది. ఏ లోపానికి ఏ మరమ్మతు చేయాలో బొమ్మలతో చిన్న పుస్తకం, ఆ మరమ్మతుకు వేరే నిధి, మళ్లీ తనిఖీకి తేదీ.. ఈ మూడూ మొదటి విడత విడుదలయ్యే నాటికే సిద్ధంగా ఉండాలి.

ఇట్లు,
గృహ పునర్నిర్మాణంలో పనిచేస్తున్న ఇంజనీర్లు, మేస్త్రీల శిక్షకులు, క్షేత్ర సిబ్బంది