సగంలో ఆగిన సీరియల్

సంపాదకులకు నమస్కారం.

ప్రవాస రచయితలంటే ఊరి మీద బెంగతో రాసేవాళ్లని మనకో అభిప్రాయం. చైనీస్ రచయిత్రి న్యే హ్వాలింగ్ విషయంలో అది సగమే నిజం. 1949లో చైనా విడిచి తైవాన్ చేరారు. అక్కడ ఆమె సాహిత్య పేజీలు చూసిన పత్రిక 1960లో మూతపడింది, సంపాదకుడు జైలుకెళ్లాడు. 1964లో అమెరికాలోని అయోవాకి వెళ్లారు.

అక్కడ రాసిన నవల 'మల్బరీ అండ్ పీచ్'లో ఒకే మనిషి ఇద్దరవుతుంది: బెదిరిపోయే మల్బరీ, ఎవరికీ జంకని పీచ్. మల్బరీ చచ్చిపోయిందని పీచ్ ఇమిగ్రేషన్ అధికారికి ఉత్తరాలు రాస్తుంది, తను తిరిగే దారుల మ్యాపులు కూడా పంపుతుంది! ఇది బెంగ కాదు, తెగింపు. ఈ నవల సీరియల్‌గా వస్తుండగా తైవాన్ దినపత్రిక దాన్ని మధ్యలోనే ఆపేసింది. చుట్టూ ఇంగ్లిషే వినిపిస్తున్నా ఆమె చైనీస్ వదల్లేదు.

మీ ఆదివారం సంచికలో ఆమె గురించి ఒక పేజీ ఇస్తారా? సగంలో ఆపకుండా.

– ఒక పాఠకురాలు, విజయవాడ