సీటు మారిస్తే బెల్టు సంగతేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ కుర్రాళ్ళ చేతికి ఇప్పుడు టర్బో కార్లు వచ్చాయి. పోలో జీటీ, వర్టస్ జీటీ, ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్, సెకండ్ హ్యాండులో ఆక్టేవియా ఆర్‌ఎస్. వెడల్పు టైర్లు, అలాయ్‌లు వేయించాక తర్వాతి కోరిక బకెట్ సీటు, అంటే పోటీ కార్లలోలా ఎత్తైన పక్కలతో ఒంటిని పట్టి ఉంచే సీటు. ఆ కోరికను తప్పుపట్టను. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుంటే కంపెనీ సీటులో ఒళ్ళు మలుపు మలుపుకూ పక్కకు జారుతుంది. కుడి మోకాలు తలుపుకు అదిమిపెట్టి, స్టీరింగును ఊతకర్రలా పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. పక్కటెముకలనూ తొడలనూ సరిగ్గా పట్టే సీటుంటే ఆ బరువు సీటు మోస్తుంది, చేతులకు స్టీరింగు పని ఒక్కటే మిగులుతుంది. ఈ లాభం నిజమైనదే.

బాధల్లా దాన్ని బిగించే తీరుతోనే. సీటు కవరు వేసినట్టు గంటలో సీటు మార్చి పంపేస్తున్నారు. మలుపులో మనిషిని పట్టుకోవడం సీటు పనిలో చిన్న వంతు మాత్రమే. ఇప్పటి కార్లలో చాలావాటికి బెల్టు బకిల్ (బెల్టు కొస గుచ్చే తాళం) సీటు ఫ్రేముకే ఉంటుంది, పక్క ఎయిర్‌బ్యాగు సీటు వీపులోనే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు బెల్టు మీద పడే లాగుడులో పెద్ద భాగం బకిల్ ద్వారా సీటు పట్టాలకూ, అక్కడి నుంచి నాలుగు బోల్టులకూ, చివరికి నేల రేకుకూ వెళుతుంది. బెల్టు బిగింపులకు ఐక్యరాజ్యసమితి 14వ నంబరు నిబంధన ప్రకారం చేసే పరీక్షలో భుజం పట్టీని 1,350 డెకాన్యూటన్లతో, నడుం పట్టీని మరో 1,350తో లాగుతారు. ఒక్కోటీ దాదాపు 1,375 కిలోల బరువు వేలాడదీసినట్టు. బకిల్ సీటుకే ఉన్న కార్లలో సీటు బరువుకు 20 రెట్లు దీనికి అదనం. 20 కిలోల సీటైతే ఇంకో 400 కిలోలు. సందులోని వెల్డింగు షాపులో ఎల్ యాంగిల్ ముక్కలతో చేసిన స్టాండు ఈ లాగుడుకు ఆగుతుందో లేదో, డబ్బు కట్టేముందు ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

మొదట చూడాల్సింది సీటు పక్కన ఎయిర్‌బ్యాగు అని రాసిన చిన్న లేబులు. అది ఉంటే, సీటు తీయగానే ఆ ఎయిర్‌బ్యాగు కారులోంచి పోయినట్టే. డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి పసుపుపచ్చ కనెక్టరులో రెండు మూడు ఓముల రెసిస్టరు గుచ్చి పంపిస్తున్నారు. కంప్యూటరు ఆ రెసిస్టరునే ఎయిర్‌బ్యాగు అనుకుంటుంది, దీపం ఆరిపోతుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. రెండేళ్ళ తర్వాత ఆ కారు కొన్నవాడికి తన పక్కటెముకల దగ్గర ఎయిర్‌బ్యాగు లేదని తెలిసే దారే లేదు. నా మాట నిష్కర్షగా చెబుతాను: ఆరు ఎయిర్‌బ్యాగుల కారును రోజూ రోడ్డు మీద తిప్పేవాళ్ళు ముందు సీట్లు మార్చకపోవడమే మంచిది. మార్చి తీరాలంటే ఆ కారు మోడలుకు పరీక్షించి అమ్మే, ఎయిర్‌బ్యాగుతో వచ్చే స్పోర్ట్స్ సీటు వెతకండి. అది దొరకకపోతే ఆగండి. సీటులో ఎయిర్‌బ్యాగు లేని పాత హోండా సిటీ వీటెక్ లాంటి కార్లకు ఈ చిక్కు లేదు.

సందర్భం వచ్చింది కాబట్టి కవర్ల మాట కూడా. ఎయిర్‌బ్యాగు ఉన్న సీటుకు చుట్టూ మూసి కుట్టిన రెక్సిన్ కవరు తొడిగితే, అసలు సీటు కుట్టు విడిపోయినా పై కవరు అడ్డుపడుతుంది. ఆ పక్కన తెరిచి ఉంచిన కవరో, తేలిగ్గా తెగే దారంతో కుట్టిన కవరో అడగండి.

సీటు దింపడంలో వరస ముఖ్యం. కరెంటు సీటైతే బ్యాటరీ తీయకముందే ముందుకీ వెనక్కీ జరిపి బోల్టులు అందేలా చూసుకోవాలి. ముందు రెండు బోల్టులు విప్పి, సీటు ముందుకు జరిపి వెనక రెండూ వదులు చేయాలి. ఆ తర్వాత ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, ఆ కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. మాన్యువల్ చేతిలో లేకపోతే పది నిమిషాలు ఆగినా నష్టం లేదు. ఎయిర్‌బ్యాగు కంప్యూటరులో మిగిలిన కరెంటు దిగిపోవడానికే ఈ ఆగడం. అప్పుడే సీటును వెనక్కి వాల్చి కింది కనెక్టర్లు విప్పాలి. పసుపు కనెక్టరులో మల్టీమీటరు పెట్టి ఓములు కొలవకండి. మీటరు పంపే కొద్దిపాటి కరెంటు కూడా ఎయిర్‌బ్యాగును పేల్చే ప్రమాదం ఉంది. సీటు బయట ఉండగా తాళం తిప్పితే తప్పు కోడు నమోదవుతుంది, తర్వాత స్కానరుతో చెరపాల్సిందే. తీసిన సీట్లను పాత సామాన్లవాడికి వేయకండి. ఎయిర్‌బ్యాగు ఉన్న వైపు దేనికీ ఆనకుండా, ఎలుకలూ చెమ్మా చేరని చోట దాచండి.

ఇక బ్రాకెట్టు. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఆ కారు నేలలోని నాలుగు అసలు రంధ్రాలకు సరిపోయేలా చేసిన బ్రాకెట్టే కొనాలి. కొత్త రంధ్రాలు వేయకూడదు. నేల కింద పెట్రోలు గొట్టం, బ్రేకు పైపులు పోతుంటాయి, విద్యుత్ కార్లలోనైతే బ్యాటరీయే ఉంటుంది. పోటీ కార్లకు ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ) పెట్టిన కొలతలు మనకూ మంచి గీటురాయి: సీటుకు కనీసం నాలుగు బిగింపులు, బోల్టులు ఎం8కి, అంటే 8 మిల్లీమీటర్ల వాటికి, తగ్గకూడదు, సపోర్టు ఉక్కుదైతే 3 మిల్లీమీటర్లు, అల్యూమినియమైతే 5 మిల్లీమీటర్ల మందం. పోటీ కార్లలో నేలకు కొత్తగా బిగించాల్సి వస్తే ఒక్కో బోల్టు కింద కనీసం 40 చదరపు సెంటీమీటర్లు ఆనే, 3 మిల్లీమీటర్ల ఉక్కు పలక. అంటే సుమారు ఆరున్నర సెంటీమీటర్ల చదరం. రూపాయి బిళ్ళంత వాషరు వేస్తే రేకు చిరిగి బోల్టు పైకి లేచి వస్తుంది.

ఎత్తు చాలలేదని నాలుగైదు వాషర్లు ఒకదానిపై ఒకటి పేర్చడం ఇంకో దురలవాటు. బోల్టు అక్కడ వంగుతుంది. ఎత్తు కావాలంటే లేత్ మీద ఒకే ఉక్కు బుష్ తిప్పించి, బోల్టు పొడవు ఆ మేరకు పెంచాలి. స్లైడరు, అంటే సీటును ముందుకీ వెనక్కీ జరిపే పట్టాల జత, రెండు వైపులా లాక్ పడేదే తీసుకోండి. ఒకవైపే లాకయ్యేది బ్రేకు వేసినప్పుడు మెలిపడుతుంది.

బోల్టు దగ్గర తొందర పనికిరాదు. 10 మిల్లీమీటర్ల బోల్టుల్లో మర దూరం (ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య ఎడం) 1.25 మిల్లీమీటర్లు ఉన్నవీ ఉంటాయి, 1.5 ఉన్నవీ ఉంటాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. బెల్టు బోల్టులైతే చాలా కార్లలో మిల్లీమీటర్లవి కావు, అంగుళంలో పదహారింట ఏడు వంతుల సన్న మరవి. ఏ బోల్టయినా మొదటి నాలుగైదు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. రెండో చుట్టుకే పానా అడిగిందంటే మర తప్పిందని అర్థం, వెంటనే వెనక్కి విప్పండి. అక్కడే బోల్టులు బిగించే గన్ను పెట్టి నొక్కితే నేలకు వెల్డయిన నట్టు మర పోతుంది, లేదా నట్టే ఊడి కింద గిర్రున తిరుగుతుంది. అలా అయితే సరైన గ్రేడు నట్టు మళ్ళీ వెల్డింగు చేయించాలి, లేదా మర ఇన్‌సర్టు వేయించాలి. సెల్ఫ్ స్క్రూతో సరిపెట్టకూడదు. బోల్టు తల మీద దాని బలం చెప్పే గ్రేడు అంకె, 8.8 గానీ 10.9 గానీ, ఉండాలి. తల నున్నగా ఉన్న బోల్టు గేటుకు పనికొస్తుంది, సీటుకు కాదు. బిగింపు ఎంతో ఆ కారు పుస్తకంలో ఉంటుంది. మామూలు లెక్కకు 8.8 గ్రేడులో ఎం8కి సుమారు 25, ఎం10కి 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు.

నాలుగు బోల్టులూ వదులుగా పెట్టి, సీటును ఈ కొస నుంచి ఆ కొసకు మూడుసార్లు జరిపి, ఆ తర్వాతే ఎదురెదురు మూలలు బిగించండి. ముందే ఒక వైపు బిగిస్తే పట్టాలు వంకర పడి ఒక లాకు పడుతుంది, రెండోది పళ్ళ అంచున నిలబడిపోతుంది. కూర్చుని లివరు వదిలి గట్టిగా ముందుకీ వెనక్కీ కుదపండి. రెండు వైపుల టక్కు వినిపించాలి.

పక్కల నుంచి బిగించే బకెట్ సీట్లలో ఇంకో మోసం దాగి ఉంటుంది. చిప్ప (సీటు గట్టి డొప్ప) లోపలి ఎం8 నట్టులోకి మర కనీసం 8 మిల్లీమీటర్లు ఎక్కాలి, 10 నుంచి 12 అయితే నిశ్చింత. బోల్టు పొడవు ఎక్కువైతే చివర అడుగుకు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, బ్రాకెట్టు మాత్రం లూజే. వాషరును వేలితో తిప్పి చూడండి. అది కదిలితే పొట్టి బోల్టు కావాలి. బోల్టు వదులు కాకుండా మరకు పూసే నీలం థ్రెడ్‌లాక్ జిగురు చుక్క వేసి, 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు మరోసారి బిగింపు సరిచూడాలి.

ఇప్పుడు బెల్టు. నడుం పట్టీ సీటు పక్క రంధ్రంలోంచి లోపలికి వచ్చి తుంటి ఎముకలను అంటుకుని ఉండాలి. బకెట్ సీటు ఎత్తైన పక్కల మీదుగా తీసుకొస్తే పట్టీ గాల్లో వంతెనలా నిలబడుతుంది. పట్టీకీ తుంటికీ మధ్య అరచేయి దూరిందంటే ఆ సీటు ఆ కారుకు కుదరలేదన్నమాటే. గుద్దుకున్నప్పుడు పట్టీ పొట్ట మీదికి జారుతుంది, లోపలి అవయవాలకు దెబ్బ తగులుతుంది. కంపెనీ బకిలే కొత్త బ్రాకెట్టుకు మారాలి. అది చిప్ప అంచుకు ఒరుసుకోకుండా చూడాలి.

పోటీ కార్లలో రెండు భుజాల మీదుగా కట్టుకునే బెల్టు, నాలుగు పట్టీల హార్నెస్, ఫొటోకు బాగుంటుంది, రోడ్డుకు పనికిరాదు. కాళ్ళ మధ్య పట్టీ లేకపోతే భుజం పట్టీలు నడుం పట్టీని పొట్ట మీదికి ఈడుస్తాయి, మనిషి కిందికి జారిపోతాడు. భుజం పట్టీలను వెనక సీటు కింది నేలకు కట్టేస్తున్నారు. ఎఫ్‌ఐఏ ప్రకారం అవి వెనక్కి 45 డిగ్రీల కంటే ఎక్కువ వాలుగా దిగకూడదు, దిగితే గుద్దుకున్నప్పుడు వెన్నెముకను కిందికి నొక్కుతాయి. పైగా కారు బోల్తా పడితే హార్నెస్ మనిషిని నిటారుగానే పట్టి ఉంచుతుంది, పైకప్పు మాత్రం కిందికి వస్తుంది. రోల్ కేజ్ (కారు లోపల బిగించే ఉక్కు గొట్టాల పంజరం) లేకుండా అది ప్రమాదం. కేజ్ వేస్తే, హెల్మెట్ లేని తలకు ఆ గొట్టమే ప్రమాదం. కంపెనీ మూడు పాయింట్ల బెల్టు తీయకండి.

వెనక పిల్లలు కూర్చుంటారా? కంపెనీ సీటు వీపును ఐక్యరాజ్యసమితి 17వ నంబరు నిబంధన కింద 6.8 కిలోల తల నమూనాతో, గంటకు 24.1 కిలోమీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. వెనకవాళ్ళ తల తగిలితే దెబ్బను పీల్చుకోవాలని. గట్టి ఫైబరు చిప్పకు ఆ గుణం ఉండదు. పిల్లలున్న ఇంటి కారుకు వీపు వాల్చుకునే, వెనక మెత్తటి పూత ఉన్న స్పోర్ట్స్ సీటే తగినది.

నకిలీల గురించి ఎంత చెప్పినా తక్కువే. పేరున్న బ్రాండు అక్షరాలు కుట్టి అమ్మే చిప్పల్లో పైన పటారం, లోన లొటారం. బోల్టు పట్టే చోట ఫైబరు పలచగా ఉండి, నట్టు చుట్టూ వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి. గుడ్డ తొలగించి టార్చి వేసి చూడండి. అసలైన పోటీ సీటుకు ఎఫ్‌ఐఏ లేబులు, తయారీ తేదీ ఉంటాయి. 8855-1999 ప్రమాణం సీటుకు తయారీ నుంచి ఐదేళ్ళ గడువు, కంపెనీ పొడిగిస్తే మరో రెండేళ్ళు. 8862-2009 రకానికి పదేళ్ళు. విదేశాల నుంచి వచ్చే సెకండ్ హ్యాండు సీటులో మొదట చదవాల్సింది ఆ తేదీనే.

మన తీరానికి ఒక్క జాగ్రత్త. సముద్రపు గాలికి పెయింటు ఊడిన బ్రాకెట్టు రెండు వానాకాలాల్లోనే తుప్పు పడుతుంది. వెల్డింగు చేసిన చోట ప్రైమరు, పైన పెయింటు, నేల రంధ్రాల చుట్టూ సీలెంటు తప్పనిసరి. మే నెల ఎండకు రెక్సిన్ కంటే గుడ్డ మేలు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. అనుమతి లేని విడిభాగాలతో బండిని మారిస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. వెనక సీటు పీకేస్తే ఆర్సీలోని సీట్ల సంఖ్యే తప్పుతుంది. కాబట్టి ముందు రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. యాక్సెసరీ దుకాణాలవారు బిల్లులో సీటు ధరతో పాటు బ్రాకెట్టు మందం, బోల్టు గ్రేడు, ఎయిర్‌బ్యాగు తీశారా లేదా అన్న మూడు విషయాలు రాసివ్వాలి. రెసిస్టరు పెడితే ఆ మాట కూడా రాయాలి. రవాణా శాఖ తనిఖీ అధికారులు నల్ల ఫిల్ము, సైలెన్సరు చూసి వదిలేయకుండా, బకెట్ సీటు కనిపిస్తే దాని వీపు పైభాగం పట్టుకుని గట్టిగా కుదిపి, నడుం పట్టీ ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కసారి చూడాలి. ఆ రెండింటికీ పట్టేది అర నిమిషం.

ఇట్లు,
కార్ల సీట్ల పని తెలిసిన ఒక పాఠకుడు,
విజయనగరం