ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి జిల్లా కలెక్టర్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

మా వీధి చివర హైటెన్షన్ లైను పోతుంది. వాన రోజున దాని కింద గొడుగు పట్టుకుంటే కడ్డీ దగ్గర వేలు చురుక్కుమంటుంది. పక్కింటి పిన్నికి రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి ఆ చురుకే కారణమని వీధంతా నమ్ముతోంది. ఒకరిద్దరు ఇల్లు అమ్మేస్తామంటున్నారు.

నేను కాస్త చదివాను. చురుక్కుమనేది విద్యుత్ క్షేత్రం వల్ల. అందరూ భయపడే అయస్కాంత క్షేత్రం వేలికి తెలియనే తెలియదు, దూరం జరిగేకొద్దీ తగ్గిపోతుంది కూడా. అది రాత్రిపూట ఒంట్లో ఊరే నిద్ర హార్మోను మెలటోనిన్‌ను తగ్గించి రొమ్ము క్యాన్సర్‌కు దారి తీస్తుందేమోనన్న ఊహ 1987లో వచ్చింది. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ క్షేత్రాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న జాబితాలో చేర్చిన మాట నిజమే. కానీ అది పిల్లల రక్త క్యాన్సర్ లెక్కలు చూసి. రొమ్ము క్యాన్సర్‌తో సంబంధానికి ఆధారాలు నిలబడలేదని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఇదే నేను చెబితే 'నువ్వేమైనా డాక్టరువా' అంటారు. మీరు చెబితే వింటారు. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు తెప్పించి మా వాకిళ్లలో అందరి ముందూ కొలిపించండి. వచ్చిన అంకెలు ఒడియాలో, తెలుగులో గోడ మీద రాయించి, పక్కనే అంతర్జాతీయ పరిమితి 200 మైక్రోటెస్లా అని వేయించండి.

అసలు బాధ వేరే. పిన్ని శెనగగింజంత గడ్డను ఎనిమిది నెలలు కొంగు చాటునే దాచుకుంది. సిగ్గు! 30 దాటిన ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష చేయాలని జాతీయ ఆరోగ్య కార్యక్రమంలోనే ఉంది కదా. తెలుగు వచ్చిన నర్సమ్మను ఒకరిని మా వీధికి పంపండి. మీటరు ఆ తర్వాత వచ్చినా పర్వాలేదు.

ఇట్లు,
లైను కింది వీధిలో ఒక ఇల్లాలు