పిన్ని చెప్పింది రా, నిజంగానే చెప్పింది

ఒరేయ్ సుబ్బూ,

ముందు తిట్టకు. నీ మెయిల్ వచ్చి చాలా రోజులైంది, చదివాను, రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఇంత లేటయింది, సారీ రా. ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. నాన్న షుగర్ కంట్రోల్లోనే ఉంది, మిర్చి రేటు ఈసారి కూడా ఏడిపించింది, మా చిన్నాడు ఎల్‌కేజీలో చేరాడు. స్టాంపు మాస్టారు రిటైరయ్యారు. సరే, మిగతావి తర్వాత. ఇప్పుడు రాస్తోంది మొత్తం పిన్ని గురించే.

పిన్నికి ఇంజక్షన్ రియాక్షనయ్యి ఐసీయూలో ఉంది, ఇప్పుడు గండం గడిచింది అని మెసేజ్ పెట్టా కదా, నీకు తెలిసింది అంతవరకే. అసలు సంగతి ఇప్పుడు చెప్తా విను.

పొలంలో ముల్లు గుచ్చుకుని కాలు వాచింది. పసుపు పెట్టుకుని రెండు రోజులు ఊరుకుంది, నీకు తెలుసుగా ఆవిడ సంగతి. మూడో రోజుకి పిక్క దాకా ఎర్రగా పాకి, జ్వరం కూడా వచ్చేసరికి బాబాయ్ టౌన్‌కి తీసుకెళ్ళి జాయిన్ చేశాడు. ఏ హాస్పిటలో ఇందులో రాయను, కేసు వేద్దామనుకుంటున్నాం కాబట్టి. సెల్యులైటిస్ అన్నారు, అంటే చర్మం కింద ఇన్‌ఫెక్షన్, రెండు మూడు రోజులు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పడితే ఇంటికి పంపేస్తామన్నారు. అంత చిన్న విషయం రా.

పిన్నికి పెన్సిలిన్ పడదని మన ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు. మనం ఏడో క్లాసులో ఉన్నప్పుడు ఆర్‌ఎంపీ ఇంజక్షన్ చేస్తే మొహం గుమ్మడికాయంత వాచి ఊపిరాడక, నువ్వూ నేనూ సైకిల్ మీద ఐస్ ఫ్యాక్టరీకి పరిగెత్తలా? అప్పట్నుంచి ఆవిడ పంటి డాక్టర్ దగ్గరకెళ్ళినా, కళ్ళ డాక్టర్ దగ్గరకెళ్ళినా కూర్చునే ముందే "నాకు పెన్సిలిన్ పడదండీ" అని చెప్పే కూర్చుంటుంది. అలాంటి మనిషికి ఆ రాత్రి పెన్సిలిన్ జాతి మందే నరంలోకి ఎక్కించారు. బాబాయ్ కింద మెడికల్ షాపులో బిల్లు కట్టించుకుంటున్నాడు. పైకొచ్చేసరికి పిన్ని చేతులు గోక్కుంటోంది, పెదాలు ఉబ్బాయి, గొంతు పట్టేస్తోంది అంటూ మంచం కమ్మీ పట్టుకుని లేవబోతోందట. ఆ తర్వాత బీపీ పడిపోయింది, పరుగులు, ఐసీయూ, వెంటిలేటరు. నేను వెళ్ళేసరికి నోట్లో గొట్టం, చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. ఇంకెప్పుడైనా ఎదురుగా కూర్చుని చెప్తా ఆ రాత్రి గురించి, రాయడం నా వల్ల కాదు.

బతికింది. అది దేవుడి దయ, ఐసీయూలో వాళ్ళ కష్టం కూడా, అది కాదనను. కానీ అసలు నొప్పి తర్వాత మొదలైంది. డిశ్చార్జి రోజు మేనేజర్ బాబాయ్‌ని రూమ్‌లోకి పిలిచి, "మీ పేషెంట్ అలర్జీ ఉందని చెప్పలేదండీ, చెప్పుంటే మేం ఇచ్చేవాళ్ళమే కాదు" అన్నాడు. డిశ్చార్జి సమ్మరీలో కూడా అదే, మందుల అలర్జీలేవీ లేవని టైపు చేసి ఉంది, మందు పడుతుందో లేదో చూడ్డానికి టెస్ట్ డోసు ఇచ్చాం నెగటివ్ వచ్చింది అని కూడా ఉంది. దాని మీద డాక్టర్ సంతకం, గుండ్రటి స్టాంపు.

అచ్చులో ఉంటే జనం ఎలా నమ్ముతారో చూడు. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా "జ్వరంలో మర్చిపోయుంటావులే వదినా" అనడం మొదలెట్టారు. పిన్ని మొదట్లో అందరితో వాదించింది. ఎవరొచ్చినా "నేను చెప్పాను, ఇంజక్షన్ చేసే పిల్లకే చెప్పాను" అనేది. ఆ తర్వాత తగ్గించింది. ఒకరోజు బాబాయే "నిజంగా చెప్పావంటావా?" అన్నాడు, నేను అక్కడే ఉన్నా. పిన్ని ఏం మాట్లాడలేదు, పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళిపోయింది. చావు దాకా వెళ్ళొచ్చిన మనిషిని పట్టుకుని నీ తప్పే అంటే ఎలా ఉంటుంది రా? నాకు కడుపు రగిలిపోయింది. మా మావయ్య కొడుకైతే నలుగుర్ని వేసుకెళ్ళి అద్దాలు పగలగొడతానన్నాడు, వాణ్ణి ఆపడం ఇంకో తలనొప్పి.

అప్పుడు మన కృష్ణారావు లాయర్‌ని అడిగితే ఆయన ఒకటే చెప్పాడు, "గొడవలొద్దు, ముందు కేస్ షీటు తెచ్చుకోండి" అని. సమ్మరీ వేరు, కేస్ షీటు వేరు రా, నాకూ అప్పుడే తెలిసింది. నర్సులు ఏ గంటకి ఏం చేశారో చేత్తో రాసే కాగితాలన్నీ అందులో ఉంటాయి. పేషెంటు గానీ పేషెంటు తరఫు వాళ్ళు గానీ రాసిస్తే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002లో పెట్టిన రూల్సులోనే ఉంది. నోటితో అడిగితే లాభం లేదు, అర్జీ రాసి, రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. వేయించుకున్నా. అయినా ఎంత తిప్పారనుకున్నావ్! ఎండీ గారు ఊళ్ళో లేరు, రికార్డు రూము తాళం ఆయన దగ్గరుంది, మీది ఇన్సూరెన్సుకి పంపాం, పిన్నే స్వయంగా రావాలి... ఒక్కో రోజు ఒక్కో కారణం. రూలు కాగితం ప్రింటు తీసి కౌంటర్ మీద పెట్టి, "ఇవ్వం" అని రాసివ్వండి వెళ్ళిపోతా అన్నాక కదిలారు.

నిన్న ఇచ్చారు. జెరాక్సులు, దారంతో కుట్టిన కట్ట. ఇంటిదాకా ఆగలేక బస్టాండు ఎదురుగా మన పాత టీ కొట్టు బల్ల మీదే విప్పా. మొదటి పేజీ ఫారం, రెండోది మందుల చార్టు. మూడో పేజీ నర్సుల నోట్సు. పైన పిన్ని పేరు, కిందంతా గంటలు వేసి బాల్ పెన్నుతో ఇంగ్లిష్‌లో రాసిన లైన్లు, అక్షరాలు చిన్నగా, పక్కకి వాలి ఉన్నాయి. 9:30 దగ్గర ఉంది రా. పెన్సిలిన్ అలర్జీ అని పేషెంట్ చెప్తున్నారు, డ్యూటీ డాక్టర్‌కి ఇన్‌ఫామ్ చేశాను అని, దాని కింద గీత గీసి మరీ రాసుంది. తర్వాతి లైను, డాక్టర్ చెప్పినట్టు ఇంజక్షన్ ఇచ్చాను, 9:40. టెస్ట్ డోసు మాట పేజీ మొత్తంలో ఎక్కడా లేదు.

ఇంకా కిందకి చదువు. 9:45కి దురద, ఆయాసం. అలర్జీకి వాడే ఎవిల్ ఇచ్చారు, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. 9:55కి బీపీ అందట్లేదు. అడ్రినలిన్ ఎప్పుడిచ్చారో తెలుసా? 10:20కి. ఇలాంటి రియాక్షన్‌కి మొట్టమొదట తొడ కండలో పడాల్సింది అడ్రినలినే, మిగతావన్నీ ఆ తర్వాతే అని ఏ పుస్తకం తీసినా ఉంటుంది. అది వార్డు ట్రేలోనే ఉండాల్సిన మందు, పెద్ద ఖరీదు కూడా కాదు. ఆ గ్యాపులో మనిషి... సరేలే.

ఇంటికెళ్ళి పిన్నికి చూపించా. కళ్ళజోడు తెమ్మంది. ఇంగ్లిష్ రాకపోయినా ఆ లైను మీద వేలు పెట్టి, ఇదేనా ఇదేనా అని అడిగింది. బాబాయ్‌ని పిలిచి "మీరు చదవండి, గట్టిగా చదవండి" అంది. ఆయన చదివాడు, సగంలో గొంతు పూడుకుపోయింది. పిన్ని ఏడుస్తుందనుకున్నా, ఏడవలేదు. "చెప్పానా లేదా?" అంది, అంతే. కాసేపాగి, "ఆ పిల్ల పొట్టిగా ఉంటుందిరా, తెల్ల రబ్బరు బ్యాండు పెట్టుకుంటుంది, పాపం దాని ఉద్యోగం తీసెయ్యరు కదా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

రాత్రంతా అదే ఆలోచన. నిజం రాసింది ఆ అమ్మాయి ఒక్కతే, రేపు నోటీసు వెళ్ళగానే ఇంజక్షన్ చేసిన చెయ్యి నీదే కదా అని ఆ అమ్మాయినే ముందుకి తోస్తే? లాయర్‌ని పొద్దున్నే ఫోన్ చేసి అడిగా. కేసు హాస్పిటల్ మీద, ఆ డాక్టర్ మీద వేస్తాం, స్టాఫ్ చేసినదానికి హాస్పిటలే జవాబు చెప్పుకోవాలి అన్నాడు. పోలీస్ కేసు వద్దన్నాడు, నాకూ వద్దనే ఉంది. 2005లోనే సుప్రీం కోర్టు చెప్పిందట, డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, పోలీసులు కూడా ముందు ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి అని. అది సరైందే రా. రాజస్థాన్‌లో దౌసా జిల్లాలో 2022 మార్చిలో ఏమైంది? కాన్పు తర్వాత రక్తస్రావం ఆగక ఒకామె చనిపోతే జనం గొడవ చేశారు, పోలీసులు డాక్టరమ్మ మీద ఏకంగా హత్య కేసు పెట్టారు, ఆవిడ ఉరేసుకుంది. కాన్పులో రక్తస్రావం ఎంత మంచి డాక్టర్‌కైనా చెయ్యి దాటిపోవచ్చు. మా మావయ్య కొడుక్కి ఇదే చెప్పి కూర్చోబెట్టా. పిన్నిది అలాంటిది కాదు కదా, ఇక్కడ చెయ్యి దాటిపోయిందేమీ లేదు, చెప్పిన మాట వినలేదు, ఆ తర్వాత చెప్పలేదని రాశారు. మందు ఇవ్వడం ఒక తప్పు, సమ్మరీలో ఆ అబద్ధం టైపు చేయడం ఇంకో తప్పు, నాకు రెండోదే ఎక్కువ మండుతోంది.

వినియోగదారుల కమిషన్లో వేస్తున్నాం, జిల్లాలోనే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని 1995లోనే సుప్రీం కోర్టు తేల్చేసింది. రెండేళ్ళ లోపు వెయ్యాలి, మనం కట్టిన బిల్లు 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు కూడా లేదు. బాబాయ్ భయం ఏంటంటే ఏ డాక్టరూ ఇంకో డాక్టర్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడు కదా అని. దానికి లాయర్ హైదరాబాద్ కేసొకటి చెప్పాడు. కిషన్ రావు అని, ఆయనే మలేరియా డిపార్ట్‌మెంట్‌లో ఆఫీసరు. 2002 జూలైలో భార్యకి చలిజ్వరం వస్తే ఒక హాస్పిటల్లో చేర్పించాడు, వాళ్ళు టైఫాయిడ్‌కి వైద్యం చేశారు, పరిస్థితి విషమించాక వేరే హాస్పిటల్‌కి మార్చాడు, అప్పటికే చెయ్యి దాటింది. చనిపోయిన కారణంలో మలేరియా అని రాశారు. మలేరియా ఆఫీసర్ భార్య! జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షలు ఇమ్మంటే, నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, ఢిల్లీలో జాతీయ కమిషనూ అదే అంది. ఆయన వదల్లేదు. 2010లో సుప్రీం కోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టి, ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదు, తప్పు కళ్ళకి కనిపిస్తుంటే అదే చాలు అంది. ఎనిమిదేళ్ళు రా, 2 లక్షల కోసం కాదు కదా ఆయన తిరిగింది.

కోల్‌కతా కునాల్ సాహా సంగతి నువ్వు విని ఉంటావు, అమెరికాలో డాక్టర్ ఆయన. సెలవులకి ఇండియా వచ్చినప్పుడు భార్యకి ఒంటి మీద దద్దుర్లొస్తే స్టెరాయిడ్ మోతాదు మించి ఇచ్చారు, 1998 మేలో చనిపోయింది. 2013లో 5.96 కోట్లూ, దాని మీద వడ్డీ ఇమ్మని తీర్పొచ్చింది. డాక్టరై ఉండి, కాగితం చదవడం వచ్చి ఉండి కూడా ఆయనకే పదిహేనేళ్ళు పట్టింది. మన పిన్నికి సంతకం పెట్టడం తప్ప రాదు.

ఆవిడకి డబ్బు మీద ఆశ లేదు. ఏం కావాలి పిన్నీ అంటే, "ఆ టైపు చేసిన కాగితం మార్చి ఇమ్మను, నేను చెప్పానని రాయమను" అంటోంది. లాయర్ అలా అడగొచ్చో లేదో చూస్తానన్నాడు. నేనైతే గట్టిగా అడగమన్నా.

ఇప్పుడు నీ పని. మీ స్వాతక్క వైజాగ్‌లో మత్తు డాక్టరే కదా, ఆమెకి ఈ పేజీలు పంపు. సాక్ష్యం చెప్పమనట్లా, ఇబ్బంది పెట్టను. 9:45 నుంచి 10:20 దాకా ఏం జరిగుండాలో, ఆ మందుల వరుస కరెక్టో కాదో తెలుగులో రెండు ముక్కలు రాసిస్తే చాలు, లాయర్‌కి అర్థమయ్యేలా. నాలుగో పేజీలో డాక్టర్ చేతిరాత నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అక్కడ టైము దిద్దినట్టుంది, 10 మీద ఇంకేదో అంకె రాసినట్టు, అక్కకైనా తెలుస్తుందేమో. ఒరిజినల్ చూపించమని అడగాలి అది. మీ అమ్మగారికి మాత్రం చెప్పకు, ఆవిడ వెంటనే పిన్నికి ఫోన్ చేసి ఏడుస్తుంది.

ఇంకా చాలా ఉంది, ఆ నర్సు అమ్మాయి సంగతి కూడా ఒకటుంది, ఎవరో చెప్పారు తను అక్కడ మా... అరే బాబాయ్ బండి తీశాడు, కింద హారన్ కొడుతున్నాడు, లాయర్ పదకొండుకి రమ్మన్నాడు. ఫొటోలు సాయంత్రం పంపుతా, మూడో పేజీ ముందు చూడమను.

నీ
రాజా