మాట్లాడని రిపీటరు తుపాను రోజు పలకదు

సంపాదకులకు,

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మూడూ తీరం దాటింది అక్టోబరు 11, 12 తేదీల్లోనే. కరెంటు పోయి సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతే ఉద్దానంలో ఒక ఊరి కబురు పక్క ఊరికి చేరడమే కష్టం. అప్పుడు హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకున్న ఔత్సాహికులు సొంత సెట్లతో నడిపే రేడియో, అక్కరకొస్తుందని అందరూ అంటారు, నిజమే. కానీ ఏడాది పొడవునా ఎవరూ నోరు విప్పని రిపీటరు (మన మాటను అందుకుని దూరానికి మళ్లీ పంపే కొండ మీది యంత్రం) ఆ ఒక్క రోజు పనిచేస్తుందని నమ్మడానికి లేదు. లైసెన్సు తీసుకుని, సెట్టు కొనుక్కుని, వింటూ మాత్రమే కూర్చునే శ్రీకాకుళం, విజయనగరం మిత్రుల కోసమే ఈ ఉత్తరం.

మన చేతి సెట్లు వాడే 145 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపు మేర దూరమే వెళ్తాయి. నేల మీద నిలబడి చేతి సెట్టుతో మాట్లాడితే నాలుగైదు కిలోమీటర్లు అందితే గొప్ప. కొండ మీది రిపీటరు ఆ మాటను ఒక ఫ్రీక్వెన్సీలో అందుకుని, అదే క్షణంలో 600 కిలోహెర్ట్జ్ ఎగువన మళ్లీ పంపిస్తుంది. యాంటెన్నా 200 మీటర్ల ఎత్తున ఉంటే, మధ్యలో కొండ అడ్డు లేకపోతే, 60 కిలోమీటర్ల దాకా ఆశించవచ్చు. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వంద కిలోమీటర్లకు పైనే కాబట్టి ఒక్క కొండతో జిల్లా అంతా రాదు. ఏ ఊరు అందుతుందో, ఏది అందదో లెక్కలు చెప్పలేవు, మాట్లాడి చూస్తేనే తెలుస్తుంది.

వాడకం లేని రిపీటరులో లోపాలు కంటపడవు. కనెక్టరులోకి వాన నీరు దిగుతుంది, ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది, బ్యాటరీ లోపల్లోపల చచ్చిపోతుంది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని తీసుకోండి. ఊరికే వింటున్నప్పుడు 0.7 ఆంపియర్లు, ప్రసారంలో 7 ఆంపియర్లు లాగే రిపీటరైతే, రోజుకు రెండు గంటల మాటలతో సుమారు 30 ఆంపియర్ అవర్లు ఖర్చు. బ్యాటరీని సగానికి మించి దించకూడదు గనుక ఒకటిన్నర రోజు వస్తుంది. పాతబడిన బ్యాటరీ ఒక పూటైనా నిలవకపోవచ్చు. అందుకే నెలకొకసారి కొండ మీద మెయిన్స్ కరెంటు ఆపేసి, ఆ వారం నెట్ (అందరూ ఒకే వేళకు రేడియోలో కలిసి వరుసగా మాట్లాడుకోవడం) మొత్తం బ్యాటరీ మీదే నడపాలి.

వారానికొకసారి, ఒకే రోజు, ఒకే వేళకు 20 నిమిషాల నెట్ చాలు. నడిపే బాధ్యత వారానికొకరు తీసుకోవాలి, లేదంటే ఆ ఒక్కరు ఊరెళ్లిన వారం నెట్ ఆగిపోతుంది. ముందు అత్యవసరం ఉన్నవారిని, తర్వాత చేతి సెట్లవారిని, దూరపు బలహీన సిగ్నళ్లను, చివర ఇంటి స్టేషన్లను పిలవాలి.

కొత్తవారు "రిపీటరు పలకడం లేదు" అంటే చాలాసార్లు తప్పు సెట్టింగులోనే ఉంటుంది. ఆఫ్‌సెట్ (వినే, పంపే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా) మైనస్‌కు బదులు ప్లస్ పెట్టి ఉంటారు, లేదా రిపీటరు తెరుచుకోవడానికి మాటతో పాటు అడిగే, చెవికి వినపడని టోను పెట్టడం మరిచి ఉంటారు. వాక్స్ (బటన్ నొక్కకుండా శబ్దానికే ప్రసారం మొదలయ్యే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఫ్యాను చప్పుడుకే సెట్టు ప్రసారం మొదలెట్టి రిపీటరును పట్టి ఉంచుతుంది, దాన్ని తప్పక ఆపాలి. బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడండి, లేకుంటే కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే మీ గుర్తింపు పేరు) మొదటి అక్షరమే తెగిపోతుంది. ఎదుటివారు ముగించాక రెండు మూడు సెకన్లు ఆగితే, ఎక్కడో ఆపదలో ఉన్నవారికి మధ్యలో దూరే సందు దొరుకుతుంది. కాల్‌సైన్ చెప్పకుండా బటన్ నొక్కి వదిలేయడం మానుకోవాలి.

"వింటున్నాను" అని ఊరుకుంటే ఎవరూ బదులివ్వరు. "టెక్కలి నుంచి, మేడ మీద చేతి సెట్టుతో. నా సిగ్నల్ ఎలా ఉంది?" అని అడిగితే జవాబు వస్తుంది. ఇంగ్లీషు రాదని వెనకాడే పనిలేదు. కాల్‌సైన్ పద్ధతిగా చెప్పి మిగతాదంతా తెలుగులో మాట్లాడుకోవచ్చు.

సెట్టుతో వచ్చే రబ్బరు యాంటెన్నా ఇంట్లో కూర్చుంటే చాలదు. కేబుల్ తగిలించే ఎస్.ఓ. 239 సాకెట్ మధ్య పిన్నుకు 49 సెంటీమీటర్ల రాగి లేదా ఇత్తడి కడ్డీని నిలువుగా, నాలుగు మూలలకు 52 సెంటీమీటర్ల కడ్డీలు నాలుగింటిని 45 డిగ్రీలు కిందికి వంచి అతికితే యాంటెన్నా సిద్ధం. ఎస్.డబ్ల్యూ.ఆర్. (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే కొలత) 1.5 లోపు వచ్చేదాకా నిలువు కడ్డీని కొద్దికొద్దిగా కత్తిరించాలి. సన్నటి ఆర్.జి. 58 కేబుల్ 30 మీటర్లు లాగితే యాంటెన్నాకు చేరేది పావు వంతు శక్తే. పది మీటర్లలోపు ముగించండి, లేదా లావుపాటి ఆర్.జి. 213 కేబుల్ వాడండి.

ప్రతి నెట్‌లోనూ ఎవరు ఏ ఊరి నుంచి, ఎంత ఎత్తు నుంచి, ఎంత స్పష్టంగా అందారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఆర్నెల్లు రాస్తే ఏ మేడ ఎక్కితే మాట చేరుతుందో ఊరివారీగా తెలుస్తుంది. దాని నకలు అక్టోబరుకు ముందే తీర మండలాల తహసీల్దారు కార్యాలయాలకు అందజేయాలని తోటి హామ్‌లను కోరుతున్నాం.

– హామ్ రేడియో లైసెన్సుదారులు, శ్రీకాకుళం