కళ్లు తీయించినవాడూ అతనే

అయ్యా,
మాస్కో రాజు రెండో వసీలీపై మీ ఆదివారం వ్యాసం అతణ్ని ఉత్త బాధితుడిగా చూపింది. 1425లో గద్దెనెక్కేనాటికి అతనికి పదేళ్లు నిండలేదు. అన్న తర్వాత తమ్ముడికే రాజ్యమన్న పాత ఆనవాయితీని, తాత దిమిత్రీ దోన్‌స్కోయ్ వీలునామాను చూపి బాబాయి యూరీ అడ్డం తిరిగాడు. 1433లో వసీలీ పెళ్లిలో తల్లి సోఫియా, యూరీ కొడుకు కొసోయ్ నడుముకున్న బంగారు పట్టీని నలుగురిలో లాగేసింది. దొంగసొత్తట! పెళ్లింటి రచ్చ యుద్ధానికి ఆజ్యం పోసింది. 1446లో కొసోయ్ తమ్ముడు షెమ్యాకా వసీలీ కళ్లు తీయించాడు, నిజమే. కానీ అంతకు పదేళ్ల ముందు కొసోయ్ చూపు తీయించింది ఈ వసీలీయే. వ్యాసంలో ఆ ముక్కే లేదు. షెమ్యాకా 1453లో నొవ్‌గొరొద్‌లో విషం పెట్టిన కోడికూర తిని పోయాడంటారు. అదీ రాయాల్సింది.

– ఒక పాఠకుడు, తెనాలి