మెదడు కణితులను పట్టే సాఫ్ట్‌వేర్ కొనేముందు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

ఎమ్మారై స్కాన్లలో మెదడు కణితులను డీప్ లెర్నింగ్‌తో (వేల ఉదాహరణలు చూసి కంప్యూటర్ తానే నేర్చుకునే పద్ధతితో) గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెడతామంటూ వచ్చే ప్రతిపాదనల్లో కచ్చితత్వం 98 శాతమనో 99 శాతమనో మొదటి పేజీలోనే కనిపిస్తుంది. రేడియాలజిస్టుల కొరతతో, పేరుకుపోయిన స్కాన్లతో సతమతమయ్యే ఏ శాఖకైనా ఆ అంకె ఊరటగా అనిపించడం సహజం. వైద్య చిత్రాలపై ఇలాంటి నమూనాలను (మోడళ్లను, అంటే అలా నేర్చుకునే ప్రోగ్రాములను) తయారుచేసే పనిలో ఉన్న ఇంజనీరుగా నా విన్నపం ఒక్కటే: ఆ అంకెను చూసి కొనవద్దు. మీ ఆసుపత్రుల్లో ఇప్పటికే భద్రపరచి ఉన్న స్కాన్ల మీద పరీక్ష పెట్టి, వచ్చిన ఫలితం చూసి నిర్ణయించండి.

ఆ 99 శాతం ఎక్కడి నుంచి వస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తిరకాసు అంతా అక్కడే ఉంది. ఈ అంశంపై వెలువడే పరిశోధన పత్రాల్లో తరచూ కనిపించే ఒక ఉచిత డేటాసెట్‌లో (చిత్రాల సేకరణలో) 3,064 చిత్రాలు ఉన్నాయి: గ్లయోమావి (మెదడు కణజాలంలోనే పుట్టే కణితులు) 1,426, పిట్యూటరీ గ్రంథి కణితులవి 930, మెనింజియోమావి (మెదడు పొరల్లో పుట్టే కణితులు) 708. వినడానికి ఇది పెద్ద సంఖ్యే గానీ, ఈ చిత్రాలన్నీ కేవలం 233 మంది రోగులవి, అంటే ఒక్కొక్కరివి సగటున 13 స్లైసులు (తలను పొరలు పొరలుగా చూపే చిత్రాలు). ఒకే తలలో పక్కపక్కనే తీసిన రెండు స్లైసులకు తేడా కనిపెట్టడం నిపుణుడికే కష్టం. చిత్రాలన్నింటినీ కలగలిపి, ఎనభై శాతం శిక్షణకు, ఇరవై శాతం పరీక్షకు అని పంచేస్తే, ఒకే రోగి స్లైసులు రెండు వైపులా చేరతాయి. ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చి పరీక్ష పెట్టడం అంటే ఇదే. నమూనా గుర్తుపట్టింది కణితినా, ఇంతకుముందు చూసిన మనిషి తలనా అన్నది ఆ మార్కులు చెప్పలేవు. చిత్రాల వారీగా కాకుండా రోగుల వారీగా విడదీసి పరీక్షిస్తే అంకె దిగివస్తుంది. చాలామంది ఆ పని చేయరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పైన చెప్పిన డేటాసెట్‌లో కణితి లేని మెదడు ఒక్కటీ లేదు. ఆ లోటు పూడ్చడానికి ఆరోగ్యవంతుల చిత్రాలను వేరే చోటు నుంచి తెచ్చి కలుపుతారు. రెండు మూలాల చిత్రాలకు సైజులో, అంచుల్లో, వెలుగునీడల్లో తేడాలుంటాయి కనుక నమూనా కణితి సంగతి వదిలేసి ఆ తేడాలనే నేర్చుకోవచ్చు. ఇది నా ఊహ కాదు. ఛాతీ ఎక్స్‌రేల్లో న్యుమోనియాను గుర్తించే నమూనాలపై 2018లో వచ్చిన ఒక అధ్యయనం, ఆ ఎక్స్‌రే ఏ ఆసుపత్రిలో తీశారన్నది నమూనా దాదాపు ప్రతిసారీ చెప్పగలదనీ, బయటి ఆసుపత్రుల ఎక్స్‌రేలు ఇచ్చేసరికి న్యుమోనియాను గుర్తించడంలో తరచూ వెనకబడుతుందనీ చూపింది. మెదడు ఎమ్మారైలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. సీటీ స్కాన్‌లో ప్రతి బిందువు విలువకూ ఒక స్థిరమైన కొలమానం ఉంటుంది. ఎమ్మారైలో అలాంటిది లేదు: మెషీన్ తయారీదారు మారినా, మెషీన్ అయస్కాంత బలం 1.5 టెస్లా నుంచి 3 టెస్లాకు వెళ్లినా, టెక్నీషియన్ సెట్టింగులు మార్చినా అదే మెదడు వేరే వెలుగులో కనిపిస్తుంది.

కచ్చితత్వం అన్న కొలతే మనల్ని ఎలా మభ్యపెడుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. స్కాన్ తీయించుకున్న 10,000 మందిలో 100 మందికి కణితి ఉందనుకుందాం. ఏమీ చూడకుండానే ప్రతి ఒక్కరికీ ‘కణితి లేదు’ అని రాసిచ్చే సాఫ్ట్‌వేర్ కచ్చితత్వం 99 శాతం! కణితి ఉన్న నూరుగురిలో 95 మందిని పట్టుకుని, లేని ప్రతి నూరుగురిలో 95 మందికి సరిగ్గా లేదని చెప్పే మంచి సాఫ్ట్‌వేరే పెట్టినా, నిజంగా కణితి ఉన్న 95 మందితో పాటు ఏ కణితీ లేని మరో 495 మంది కూడా అనుమానితుల జాబితాలోకి ఎక్కుతారు. వాళ్లకు మళ్లీ కాంట్రాస్ట్ ఇంజెక్షనుతో (తేడాలు స్పష్టంగా కనిపించేలా ఎక్కించే మందుతో) స్కాన్, న్యూరోసర్జన్ అపాయింట్‌మెంట్, అన్నాళ్లూ ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు లేకపోవడం. ఆ భారమంతా చివరికి పడేది మీరు తగ్గించాలనుకున్న క్యూ మీదే.

పైగా ఆసుపత్రికి వచ్చే మెదళ్లు ‘కణితి ఉన్నవి’, ‘ఏమీ లేనివి’ అని రెండు రాశులుగా రావు. మెదడులో చీముగడ్డ, ట్యూబర్‌క్యులోమా (క్షయ గడ్డ), న్యూరోసిస్టిసర్కోసిస్ (మెదడులో నులిపురుగు తిత్తులు), కొన్ని రకాల మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే జబ్బు) మచ్చలు, పక్షవాతం వచ్చిన కొన్నాళ్లకు తీసిన స్కాన్ — ఇవన్నీ కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు కణితిలాగే వెలగవచ్చు. వీటిని ఎన్నడూ చూడని నమూనా వాటన్నింటికీ తనకు తెలిసిన మూడు పేర్లలో ఒకటి తగిలిస్తుంది. కణితి రకాన్ని కూడా స్కాన్ ఒక్కటే తేల్చలేదు. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం గ్లయోమాలకు పేరు పెట్టాలంటే ఐడీహెచ్ జన్యుమార్పు, 1పీ/19క్యూ లోపం (రెండు క్రోమోజోమ్ ముక్కలు లేకపోవడం) వంటివి కణజాల పరీక్షలో చూడాల్సిందే.

ఇంత చెప్పినా, ఈ సాంకేతికత వద్దనడం లేదు. దాన్ని పెట్టాల్సిన చోటు వేరని నా అభిప్రాయం. కణితి ఉందని ఇదివరకే తేలిన రోగికి మూణ్ణెల్లకో స్కాన్ తీస్తున్నప్పుడు అది పెరిగిందా, తగ్గిందా అని కొలవడం విసుగు పుట్టించే పని. చాలా చోట్ల ఇప్పటికీ స్కేలు గీతల్లాంటి రెండు కొలతలతో సరిపెడుతున్నారు. 2012లో మొదలైన బ్రాట్స్ అనే పరిశోధకుల పోటీ సరిగ్గా ఈ పని మీదే నడుస్తోంది: టీ1, కాంట్రాస్ట్‌తో టీ1, టీ2, ఫ్లెయిర్ అనే నాలుగు రకాల చిత్రాలను కలిపి చూసి కణితిని, దానిలో చచ్చిన భాగాన్ని, చుట్టూ ఉన్న వాపును విడివిడిగా గీయడం. ఆ పోటీ తొలి నివేదికలో నిపుణులు గీసిన హద్దుల మధ్యే పొంతన, ఏ భాగమన్నదాన్ని బట్టి, 74 నుంచి 85 శాతం వరకే ఉంది. మనుషులే అలా తేడా పడే చోట, అలసిపోకుండా ప్రతిసారీ ఒకే పద్ధతిలో కొలిచే యంత్రం నిజంగా అక్కరకొస్తుంది. రేడియేషన్‌కు ముందు చిన్నచిన్న మెటాస్టాసిస్‌లను (వేరే అవయవం నుంచి మెదడుకు పాకిన క్యాన్సర్ మచ్చలను) వెతకడంలోనూ అంతే. ఈ రెండు చోట్లా యంత్రం గీసిన గీతను దిద్దడానికి డాక్టరు పక్కనే ఉంటారు. రేడియేషన్ తర్వాత తొలి వారాల్లో వాపు పెరిగి, కణితే పెరిగినట్టు భ్రమ కల్పించే సందర్భాలు ఉంటాయి. అక్కడ తీర్పు మాత్రం డాక్టరుదే.

కాబట్టి టెండరు పత్రంలోనే కొన్ని షరతులు చేర్చాలని కోరుతున్నాను. ఏరి తెచ్చినవి కాకుండా, ఒక కాలవ్యవధిలో వరుసగా వచ్చిన రోగులందరి పాత స్కాన్ల మీద పరీక్ష జరగాలి. ఆ స్కాన్లు కంపెనీకి ముందుగా చేరకూడదు. ఫలితాలు రోగుల వారీగా, మెషీన్ల వారీగా, కణితి సైజు వారీగా ఉండాలి. ఎన్ని తప్పిపోయాయో, ఎన్నిసార్లు ఉత్తినే హెచ్చరించిందో విడివిడిగా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినా, ఆసుపత్రి మెషీన్ మార్చినా మళ్లీ పరీక్ష పెట్టాలి. రిపోర్టు మీద సంతకం రేడియాలజిస్టుదే అయినప్పుడు, సాఫ్ట్‌వేర్ మాటను కాదనే హక్కు కూడా వారికే ఉండాలి, కాదన్నందుకు సంజాయిషీ అడగకూడదు.

శిక్షణ కోసం స్కాన్లు ఇమ్మని అడిగేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పేరు, నంబరు చెరిపేస్తే చాలదు. 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తల ఎమ్మారై నుంచి ముఖాన్ని పునర్నిర్మించి ఫోటోలతో పోల్చగా, 84 మందిలో 70 మందిని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టింది. ముఖభాగం తొలగించని ఏ స్కానూ ఆసుపత్రి గడప దాటకూడదు. అసలు స్కాన్లను పంపక్కర్లేని మార్గం కూడా ఉంది: 2022లో ఆరు ఖండాల్లోని 71 సంస్థలు 6,314 మంది గ్లియోబ్లాస్టోమా (తీవ్రమైన మెదడు క్యాన్సర్) రోగుల స్కాన్లను ఎక్కడివక్కడే ఉంచి, నమూనానే ఆసుపత్రుల మధ్య తిప్పి శిక్షణ ఇచ్చాయి. డేటా ఇవ్వకపోతే పని జరగదని ఎవరైనా మీ శాఖతో అంటే, ఈ ఉదాహరణను వారి ముందు పెట్టండి.

పరీక్ష ఫలితాలు ఎలా ఉన్నా, సాఫ్ట్‌వేర్ తప్పినా నెగ్గినా, వాటిని ప్రజల ముందు ఉంచుతామని టెండరు పిలిచేముందే ప్రకటించాలని కోరుతూ,

భవదీయ,
ఒక మెడికల్ ఇమేజింగ్ ఇంజనీరు